పుర్రచేయి

తలుపు తోసుకుని లోపలికి వచ్చినది అన్నయ్యేనని తల ఎత్తి చూడకుండానే ఆమెకి తెలిసిపోయింది. ఆ నడక అలాంటిది. ఎడమ కాలు నేలకి రాసుకుంటూ, పరాయి ఇంట్లోకి వచ్చినట్టు మొహమాటంగా, అయినా వెనక్కి మాత్రం పోనన్నట్టు నడుస్తాడు. ఆమె కుర్చీని తిరగేసి కూర్చుని, దాని వీపు మీద దుప్పటి మడత వేసి, దాని మీద కుడి చెయ్యి చాపి ఉంది. ఎదురుగా స్టూలు మీద లావుపాటి కోచ్ పొట్టని తొడల మీద ఆనించుకుని, పళ్ళ మధ్య టేపు ముక్క కరిచిపెట్టుకుని, ఆ చేతికి గాజుగుడ్డ చుడుతున్నాడు. పక్కన పోటీల సంఘం తరఫున వచ్చిన కళ్ళజోడు ఆవిడ సంతకం పెట్టడానికి పెన్ను మూత తీసి సిద్ధంగా పట్టుకుంది. ఛాంపియన్ గది అంటే నిజానికి హాలువాళ్ళు విరిగిన కుర్చీలు పడేసుకునే కొట్టు. ఆ కుర్చీలన్నీ మూలన ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి, గోడకి మాత్రం ఈమె కోసం కొత్త అద్దం తగిలించారు. బాక్సర్ చేతులకి కట్లు కట్టేటప్పుడు ఎదుటి పక్షం మనిషి ఒకరు వచ్చి నిలబడి చూడాలని రూలు, గుడ్డ మడతల్లో గట్టి వస్తువేదీ దాచలేదని చూసుకోవడానికి. ఎవరినైనా పంపవచ్చు. నీళ్ళ సీసాలు మోసేవాణ్ణి పంపవచ్చు, ఐసు పట్టుకునేవాణ్ణి పంపవచ్చు. వీళ్ళకి ఇంకో మనిషే దొరకలేదా? దొరక్క కాదు, తనే వచ్చాడు, కావాలనే వచ్చాడు, ఏళ్ళ తరబడి ఎదురుపడకుండా తప్పించుకు తిరిగి, సరిగ్గా ఇవాళ, ఈ గంటలో, ఆమె లేచి వెళ్ళిపోవడానికి వీల్లేని ఈ కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

గోడకి ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. ఆమె అద్దంలో చూసింది, నేరుగా చూడటం ఇష్టం లేక. జుట్టు పలచబడింది. ఎదుటి పక్షం రంగు చొక్కా, భుజం మీద ఇవాళ ఈమెతో తలపడబోయే అమ్మాయి పేరు. ఆ చొక్కా చూడగానే కోపం భగ్గుమంది, ఎవరైనా కావాలని పొయ్యిలో కిరసనాయిలు పోసినట్టు. నా పేరు రాసిన చొక్కా నువ్వెప్పుడైనా వేసుకున్నావా? మనకప్పుడు చొక్కాలెక్కడివి, టైర్ల షెడ్డులో నూనె మరకల బనియన్‌తోనే కదా నువ్వు నాకు నేర్పింది. పంక్చరు వేయడానికి ట్యూబుని నీళ్ళ తొట్టెలో ముంచి బుడగలు ఎక్కణ్ణించి వస్తున్నాయో చూసే మనిషి, అదే కళ్ళతో నా కాళ్ళు చూసేవాడివి, ఇక్కడ గాలి పోతోంది, ఈ మడమ లేవడం లేదు అని. అమ్మ హోటలు లాండ్రీలో పనిచేసేది, చిరిగిపోయి పక్కన పడేసిన దుప్పట్లు ఇంటికి తెచ్చేది, అన్నయ్య వాటిని నిలువుగా పేలికలు చేసి ఆమె చేతులకి చుట్టేవాడు. సబ్బు వాసన వేసే ఆ పేలికల మీద హోటలు పేరులో ముక్క ఒకటి, నీలం దారంతో కుట్టినది, ఎప్పుడూ మణికట్టు దగ్గరికి వచ్చేది. వేళ్ళు బాగా చాపు పుర్రా, ఇప్పుడు ముడువు, ఎక్కడైనా పట్టేసిందా? అలా అడిగేవాడు. పుర్రా అని పిలిచేది లోకంలో వాడొక్కడే. బళ్ళో టీచరమ్మ ఎడమ చేత్తో రాస్తోందని స్కేలుతో వేళ్ళ మీద కొట్టి కొట్టి కుడి చేతికి మారిస్తే, ఇంటికొచ్చి అన్నయ్యకి వాతలు చూపించింది. వాడు జాలిపడలేదు, ఎగిరి గంతేశాడు. నీది పుర్రచేయి వాటమా, ముందే చెప్పవేం, పద షెడ్డుకి అన్నాడు. ఎదుటివాళ్ళకి ఆ చెయ్యి ఎటునుంచి వస్తుందో అర్థమయ్యేలోపు పని అయిపోతుందే అన్నాడు. అయిపోయేది కూడా.

"బిగువుగా ఉందా?" అని లావుపాటి కోచ్ అడిగాడు. సరిపోయింది అన్నట్టు తలూపింది. గోడ దగ్గరి మనిషి దగ్గాడు. దగ్గడం కూడా ఆమెకి కోపం తెప్పించింది, ఈ దగ్గు కింద దాచుకున్న మాట ఏదో ఉంటుంది వాడికి, ఎప్పుడూ అంతే, నోటితో చెప్పడు, దగ్గుతాడు. కన్ను పోయిన రోజు కూడా అంతే కదా. అప్పటికి వాడు ఊళ్ళో మంచి బాక్సర్, టైర్ల షెడ్డు ఓనరు వాడి ఫోటో బల్ల వెనక అతికించుకుని వచ్చిన లారీ డ్రైవర్లందరికీ చూపించేవాడు. ఒక పోటీలో గెలుస్తూ గెలుస్తూనే ఎడమ కంట్లో నల్లటి తెర ఒకటి పైనుంచి కిందికి జారడం మొదలుపెట్టిందట, ఎవరికీ చెప్పలేదు, మిగిలిన రౌండ్లన్నీ అలాగే ఆడాడు, గెలిచాడు, ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని అమ్మ వడ్డిస్తుంటే దగ్గి, అమ్మా నాకు ఇటువైపు ఏమీ కనబడటం లేదు అన్నాడు. కంటి డాక్టరు కంటి లోపలి పొర ఊడిపోయిందన్నాడు. అప్పుడు నీ తరఫున కార్నర్లో నిలబడ్డ పెద్దమనిషికి నిన్ను ఆపాలని తోచలేదు. అది వాడి తప్పు. ఆ తప్పుకి పరిహారం నా దగ్గర వసూలు చేస్తావా?

ఈ మాట ఆమె ఎన్నిసార్లు అనుకుందో, పరుగెత్తేటప్పుడు, బరువు తగ్గడానికి ప్లాస్టిక్ చొక్కా తొడుక్కుని చెమటలు కక్కేటప్పుడు, పళ్ళు తోముకునేటప్పుడు కూడా. పళ్ళు నూరుకోవడానికి పనికొచ్చే మాట అది. అమెచ్యూర్ రోజుల్లో ఓడిపోవడం ఆమెకి సరిగ్గా అలవాటు కూడా కాలేదు. తలకి హెడ్‌గార్డ్ పెట్టుకుని చిన్న చిన్న రౌండ్లు ఆడటం, జడ్జీలు మీటలు నొక్కడం, రిఫరీ ఎవరి చెయ్యి ఎత్తుతాడా అని మధ్యలో నిలబడటం. ఆ చెయ్యి ప్రతిసారీ తనదే. జిల్లా, తర్వాత పెద్ద పోటీలు, రైళ్ళలో పై బెర్తు మీద కాళ్ళు ముడుచుకుని పడుకోవడం, బరువు చూసేదాకా నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలించి ఉమ్మేయడం, కింద బెర్తు మీద అన్నయ్య మంచినీళ్ళ సీసా దాచుకుని తను కూడా తాగకుండా కూర్చోవడం. నువ్వెందుకు తాగవు, నీకేం బరువు అంటే, నువ్వు చూస్తుండగా ఎలా తాగనే అనేవాడు. ఛీ, ఇది ఎందుకు గుర్తొచ్చింది ఇప్పుడు? గుర్తు రావలసింది ఇది కాదు. జాతీయ పోటీల ఫైనల్ గుర్తు రావాలి. గెలిస్తే ప్రపంచ పోటీలకి వెళ్ళే జట్టులో పేరు. రెండు రౌండ్లు తనవే, హాల్లో అందరికీ తెలుసు. చివరి రౌండ్లో చెవి మీద ఒకటి పడింది, అవును పడింది, మోకాళ్ళు మెత్తబడ్డాయి, దీపాలు రెండేసి కనబడ్డాయి, రిఫరీ అంకెలు లెక్కపెడుతుంటే ఆమె చేతులు ఎత్తి ఉన్నాను, బాగానే ఉన్నాను అంది. రిఫరీ సరే అన్నాడు. రిఫరీయే సరే అన్నాడు! అప్పుడు గాల్లోంచి తెల్లగా ఒకటి వచ్చి ఆమె పాదాల ముందు పడింది. తువ్వాలు. అమ్మ లాండ్రీ నుంచి తెచ్చినదే. కార్నర్‌లోని మనిషి తువ్వాలు విసిరాడంటే మా బాక్సర్ ఓడిపోయింది, ఆపెయ్యండి అని అర్థం. ఎదుటి పిల్ల ఆ తువ్వాలు వంక చూసి, ఏమైందో తెలియక, తనే ఓడిపోయాననుకుని ఏడవడం మొదలుపెట్టింది పాపం.

ఆ తర్వాత చేసింది ఆమెకి అంత బాగా గుర్తులేదు, చూసినవాళ్ళు చెప్పినదే. తువ్వాలు తీసుకుని వెళ్ళి అన్నయ్య మొహం మీద కొట్టింది, చాకిరేవులో బట్ట బాదినట్టు బాదింది. పట్టుకోబోయిన రిఫరీకి మోచెయ్యి తగిలి ముక్కు పగిలింది. సంఘంవాళ్ళు నిషేధం వేశారు, ప్రపంచ పోటీల జట్టులో ఆమె చోట ఆ ఏడ్చిన పిల్లే వెళ్ళింది. అన్నయ్య మాత్రం ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతూ, అమ్మ అడిగితే ఒకటే మాటన్నాడు. ఇంక చాలనిపించింది. అనిపించిందట! నా కాళ్ళు, నా చెవి, నా దీపాలు, చాలనిపించడం మాత్రం ఈయనకి. ఆ రాత్రే బట్టలు సర్దుకుని వచ్చేసింది. అప్పటినుంచి ఇద్దరి మధ్యా అమ్మే. అన్నయ్య తిన్నావా అని అడగమన్నాడే, అన్నయ్య ఆ భుజం నొప్పి తగ్గిందా అంటున్నాడే. తగ్గలేదని చెప్పు. తగ్గిందని చెప్పు. నేను చచ్చిపోయానని చెప్పు. "నేనేమన్నా పోస్టు డబ్బానా?" అని విసుక్కునేది అమ్మ, విసుక్కుంటూనే మోసేది. మొన్న ఫోన్ చేసి, నేను రాను, ఎటువైపు కూర్చోమంటారు నన్ను, రింగుకి కట్టిన తాడు మీద కూర్చోమంటారా అంది. వచ్చిందో లేదో తెలియదు.

లావుపాటి కోచ్ కుడి చేతి కట్టు ముగించాడు. కళ్ళజోడు ఆవిడ వచ్చి టేపు మీద సంతకం గీకింది. ఇక ఎడమ చెయ్యి. ఆమె దుప్పటి మడత మీద ఎడమ చెయ్యి పెట్టింది, వేళ్ళు మామూలుగా కదిపింది, నవ్వు మొహం పెట్టుకోవడం ఎక్కువవుతుందేమోనని ఊరుకుంది. ఈ చేతి సంగతి ఈ గదిలో ఇద్దరికే తెలుసు, ఆమెకీ లావుపాటి కోచ్‌కీ. ప్రాక్టీసులో ఒక మగపిల్లాడి మోచేతి మీద తగిలి పిడికిలి వెనక ఎముక టప్పుమంది, కొమ్మ విరిగిన శబ్దం. ఎక్స్‌రే తీయించలేదు. తీయిస్తే ఉన్నది కాగితం మీదికి వస్తుంది, కాగితం మీదికి వస్తే ఈ పోటీ ఆగిపోతుంది, ఆగిపోతే ఛాంపియన్ బెల్టు లాగేసుకుంటారు, ఈ వయసులో మళ్ళీ దాన్ని అడుక్కోవడానికి వరసలో నిలబడే ఓపిక ఆమెకి లేదు. పొద్దున డాక్టరుకి చెయ్యి చాపి, పళ్ళు కనిపించేలా నవ్వి, గట్టిగా షేక్‌హ్యాండ్ ఇచ్చి వచ్చింది, బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని గోడకి తల కొట్టుకుంది.

ఆ బెల్టు ఊరికే వచ్చిందా? నిషేధం పూర్తయినా అమెచ్యూర్‌వాళ్ళు మొహం చూడలేదు, డబ్బుకి ఆడే ప్రొఫెషనల్‌కి వెళ్ళక తప్పలేదు. హెడ్‌గార్డ్ ఉండదు, గ్లవ్స్ పలచన, రౌండ్లు ఎక్కువ. మొదటి పోటీ ఒక దుకాణాల భవనం కింద కార్లు నిలిపే చోట, పైకప్పు గొట్టంలోంచి రింగు మధ్యలో నీళ్ళు బొట్లు బొట్లుగా పడుతుంటే అక్కడ ఎవరు నిలబడాలా అని ఇద్దరూ ఒకరినొకరు తోసుకున్నారు. పోటీలు పెట్టే ఆయన, ఒంటినిండా సెంటు కొట్టుకునే మనిషి, ఆడవాళ్ళ పోటీని మగవాళ్ళదంతా అయిపోయాక పెట్టేవాడు, ఒకపక్క కుర్చీలు మడిచేస్తుంటే ఇంకోపక్క ఈమె ముక్కు పగిలేది. మొదటిసారి టైటిల్‌కి ఆడినప్పుడు వేరేవాళ్ళ ఊళ్ళో, వేరేవాళ్ళ జడ్జీల ముందు, గెలిచినా ఓడిపోయింది. వారమంతా ఎర్రగా ఉచ్చ పోసింది. రెండోసారి జడ్జీల చేతికి అవకాశం ఇవ్వలేదు. ఆరో రౌండ్లో ఎడమ చెయ్యి వదిలింది, ఎదుటావిడ కూర్చుండిపోయింది, పిల్లలు అలిగి కూర్చున్నట్టు, ఇక లేవలేదు. బెల్టు ఇంటికి తీసుకెళితే అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, కొంగుతో తుడిచి, ఇత్తడేనా అని అడిగింది. బీరువాలో పట్టదే ఇది, ఎక్కడ పెట్టను అంది. ఆ తర్వాత ఇంకో సంఘం వాళ్ళ బెల్టు, అదీ పట్టలేదు బీరువాలో. ప్రతి పోటీలోనూ ఎదురుగా ఎవరున్నా సరే, ఆఖరి రౌండ్లలో చేతులు సీసంలా బరువెక్కినప్పుడు, ఆమె ఆ మొహాన్ని తీసేసి అక్కడ అన్నయ్య మొహం పెట్టుకునేది. ఇంక చాలనిపించిందా? చాలా? చాలా? అని కొట్టేది. కోపం ఆమెకి అన్నం. పత్రికలవాళ్ళు మీ విజయ రహస్యం ఏమిటి అని అడిగితే క్రమశిక్షణ అని చెప్పేది.

ఇప్పుడు ఈ అమ్మాయి. అన్నయ్య షెడ్డు నుంచే వచ్చింది, ఓడిపోవడం ఇంకా తెలియని వయసు. నిన్న బరువు చూసే చోట ఎదురెదురుగా నిలబెట్టి ఫోటోలు తీస్తుంటే, కళ్ళల్లోకి కోపంగా చూడాల్సిన పిల్ల మెల్లగా, "అక్కా, మీ పోస్టరు మా గదిలో ఉంది" అంది. దానికి కోపం ఎలా నటించాలో కూడా నేర్పలేదు వీడు. కానీ అడుగు నేర్పాడు. వీడియోలు చూసింది ఆమె, అదే అడుగు, భయపడి వెనక్కి తగ్గినట్టు అరడుగు జరిగి ఆ జరుగుడులోంచే ముందుకి దూకడం. అది నాది. షెడ్డులో పాత టైర్ల మధ్య మోకాళ్ళు దోక్కుపోయేలా నువ్వూ నేనూ కలిసి కనిపెట్టింది. ఎలా ఇచ్చావురా దానికి? అన్నయ్యని రా అన్నానా? అన్నాను, ఇంకా అంటాను.

"అయిపోయింది" అన్నాడు లావుపాటి కోచ్ చివరి టేపు నొక్కుతూ. ఎడమ చేతికి గుడ్డ రెండు చుట్లు ఎక్కువే వేశాడు, రూలుకి లోబడే, అయినా తెలిసినవాడు చూస్తే తెలుస్తుంది. గోడ దగ్గరి నీడ కదిలింది.

"ఆ చెయ్యి ఒకసారి చూడొచ్చా?" అన్నాడు అన్నయ్య, ఆమెతో కాదు, కళ్ళజోడు ఆవిడతో.

"చూడండి, మీ హక్కే కదా."

వచ్చి ఎదురుగా వంగాడు. రెండు అరచేతుల మధ్య ఆమె పిడికిలిని పట్టుకున్నాడు. ఇన్నేళ్ళకి. టైర్ల రబ్బరు వాసన ఇంకా పోలేదు వాడి చేతులకి, గోళ్ళ సందుల్లో నలుపు కూడా పోలేదు. బొటనవేలితో మెల్లగా కట్టు మీదుగా నొక్కుకుంటూ వెళ్ళాడు, చూపుడువేలి కణుపు, మధ్యవేలి కణుపు, ఉంగరం వేలి వెనక ఎముక. ఆమె మొహంలో ఏమీ మారలేదు. మారనివ్వలేదు. కానీ ఊపిరి ఆగింది, ఎంతో సేపు కాదు, మామూలు మనిషైతే గమనించడు. వీడు మామూలు మనిషి కాదు, నీళ్ళ తొట్టెలో సన్నటి బుడగ వెతికే మనిషి. బొటనవేలు అక్కడే ఆగింది. కళ్ళెత్తి చూశాడు, ఒక కన్ను చూపున్నది, ఒక కన్ను లేనిది, రెండూ ఆమె మీదే. తెలిసిపోయింది వాడికి.  ఊఁ, చెప్పు. కళ్ళజోడు ఆవిడ పక్కనే ఉంది, డాక్టరు పక్క గదిలో ఉన్నాడు, ఒక్క మాట చాలు, ఈ చెయ్యి విరిగింది, పోటీ ఆపండి. ఇంకోసారి విసురు. ఈసారి తువ్వాలు కూడా అక్కర్లేదు నీకు. చెప్పు, చూద్దాం, ఈ గదిలో ఉన్న విరిగిన కుర్చీలన్నీ నీ నెత్తిన వేసి నేను జైలుకి పోతాను.

అన్నయ్య దగ్గాడు. "బాగానే ఉంది" అన్నాడు. కళ్ళజోడు ఆవిడ సంతకం పెట్టింది. ఎడమ కాలు నేలకి రాసుకుంటూ తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరక్కుండా వెళ్ళిపోయాడు.

అప్పుడు మొదలైంది అసలు కోపం. గ్లవ్స్ తొడుగుతున్నంతసేపూ, లావుపాటి కోచ్ అరచేతుల్లోకి కుడి చేత్తో కొట్టి ఒళ్ళు వేడిచేసుకుంటున్నంతసేపూ, నడవలో జనం అరుపులు గోడలకి తగిలి వస్తుంటే వాటి మధ్య నడుస్తున్నంతసేపూ అదే ప్రశ్న ఆమె బుర్రలో పోట్లాడుతూ ఉంది. ఎందుకు చెప్పలేదు? ఒంటి చేత్తో ఉన్నదాన్ని తన పిల్ల తేలిగ్గా పడగొడుతుందనా? నా చెల్లెలి చెయ్యి పోయినా పరవాలేదు, బెల్టు మా షెడ్డుకి వస్తే చాలనా? లేకపోతే జాలా? పాపం పుర్ర, ఆఖరిసారి ఆడుకోనీలే అనా? రెంటిలో ఏది ఎక్కువ మంటో ఆమెకి తేలలేదు. తాళ్ళ మధ్యనుంచి రింగులోకి దూరింది, దీపాలు మొహాన కొట్టాయి, మైకు పట్టుకున్నవాడు ఆమె పేరుని సాగదీసి సాగదీసి అరిచాడు, ఎదుటి మూలలో అన్నయ్య ఆ పిల్ల చెవిలో ఏదో చెబుతున్నాడు, గబగబా, వేలు గాల్లో ఆడిస్తూ. చెప్పు, బాగా చెప్పు.

గంట మోగింది. మొదటి రౌండంతా ఆమె కుడి చెయ్యి ముందు పెట్టుకుని దానితోనే పని నడిపింది, ఎడమ చెయ్యి గడ్డం పక్కన ఎత్తి ఉంచింది, తూటా లేని తుపాకీని చూపించి భయపెట్టినట్టు. పిల్ల త్వరగా కదులుతోంది, చక్కగా కదులుతోంది, ఆ అడుగు రెండుసార్లు వేసింది, రెండోసారి డొక్కలో తగిలింది కూడా. కానీ ఒకటి గమనించింది ఆమె. పిల్ల ఎప్పుడు జరిగినా ఆమె ఎడమ చేతికి దూరంగానే జరుగుతోంది, పుర్రచేతి వాటం వాళ్ళతో అందరూ జరిగినట్టే. ఎడమ భుజం కాస్త కదిలితే చాలు ఉలిక్కిపడి చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుంటోంది. ఆ చెయ్యి పనికిరాదని తెలిసినవాళ్ళు అలా జరగరు. తిన్నగా దాని మీదికే వస్తారు. రెండో రౌండు, మూడో రౌండు, అదే వరస. అంటే దానికి తెలియదు. అంటే వాడు చెప్పలేదు. స్టూలు మీద కూర్చుని, లావుపాటి కోచ్ నీళ్ళు పోస్తూ కుడి చేత్తోనే కానిచ్చెయ్, గెలుస్తున్నాం, గెలుస్తున్నాం అంటుంటే ఆమె వినడం లేదు, ఎదుటి మూలకే చూస్తోంది. చెప్పలేదు. నన్ను కాపాడుతున్నాడు. సొంత బాక్సర్‌కి కళ్ళకి గంతలు కట్టి పంపించి నన్ను కాపాడుతున్నాడు. ఆ పిల్ల వీణ్ణి నమ్ముకుని వచ్చింది, పోస్టరు గోడకి అంటించుకుని, మోకాళ్ళు దోక్కుపోయేలా ఆ అడుగు నేర్చుకుని వచ్చింది, దాని మొహం మీద ఇప్పుడు దెబ్బలు పడుతున్నాయి, నా మీద ఈయనగారికి ప్రేమ పొంగినందుకు! మళ్ళీ అదే. నా పోటీలో, నా తరఫున, నన్నడక్కుండా, మళ్ళీ నువ్వే తేల్చేశావు. అప్పుడు ఓడించావు, ఇప్పుడు గెలిపిస్తావా? ఎవడడిగాడు నిన్ను? నీ ముష్టి ఎవడికి కావాలి?

మధ్య రౌండ్లన్నీ ఈ మంటతోనే గడిచాయి. ఎన్నో రౌండో కూడా సరిగా తెలియని చోట, చెమట కళ్ళల్లోకి కారుతుండగా, ఎదురుగా పిల్ల మొహం ఉంది, దాని వెనక తాడు అవతల అన్నయ్య మొహం ఉంది, రెండూ ఒకే గీత మీద. ఇన్నేళ్ళూ ఊహించుకోవలసి వచ్చిన మొహం ఇప్పుడు నిజంగానే అక్కడ ఉంది. ఇదిగో నీ జాలి, తీసుకో. ఆమె భయపడి తగ్గినట్టు అరడుగు వెనక్కి జరిగింది, ఆ జరుగుడులోంచే ముందుకి దూకి ఎడమ చెయ్యి వదిలింది, దాచుకోకుండా, మిగుల్చుకోకుండా, టైర్ల షెడ్డు మొదటి రోజు నుంచి ఇప్పటిదాకా ఉన్నదంతా దాంట్లో పెట్టి. దవడ మీద పడింది. పిల్ల పడింది. ఆమెకి ఆ పడటం వినబడలేదు, తన చేతిలోనే ఇంకో శబ్దం వినబడింది, మణికట్టు నుంచి భుజం దాకా తెల్లటి వెలుగొకటి పాకింది, నోట్లోని గార్డుని కరిచి కేక మింగింది. రిఫరీ అంకెలు లెక్కపెడుతున్నాడు. పిల్ల లేచింది. ఓర్నీ, లేచింది. ఆఖరి గంట దాకా తడబడుతూ, ముక్కులోంచి కారుతున్నదాన్ని పీలుస్తూ, ముందుకే వచ్చింది. ఎడమ చెయ్యి చచ్చిన కోడిలా వేలాడుతుంటే ఆమె కుడి చెయ్యి ఒక్కదానితో ఆ మిగిలినదంతా ఈదింది. ఒక జడ్జి పిల్ల వైపు, ఇద్దరు ఆమె వైపు. ఆ పడటమే తేడా. రిఫరీ ఆమె చెయ్యి ఎత్తాడు, ఎడమది ఎత్తబోతే కాదు కాదు అని కుడిది ఇచ్చింది.

పిల్ల దగ్గరికి వెళ్ళింది, అందరూ చూస్తుండగా కౌగలించుకుంటారు కదా అలా కౌగలించుకుని, చెవిలో మాత్రం చెప్పవలసింది చెప్పింది. "మీ కోచ్‌ని మార్చుకో. నా చెయ్యి ముందే విరిగింది. వాడికి తెలుసు. నీకు చెప్పలేదు."

పిల్ల వాచిన మొహంతో అర్థం కానట్టు చూసింది. "చెప్పారక్కా" అంది.

"ఏం చెప్పాడు?"

"పోటీకి ముందే చెప్పారు. ఎడమ చెయ్యి ఇక రాదు, దాని వైపే వెళ్ళు అన్నారు. ప్రతి రౌండుకీ తిట్టారు కూడా. నాకే ధైర్యం చాల్లేదు. మీ చెయ్యి కదా. చివరికి సరే, నమ్ముదామని అటు వచ్చాను." ముక్కు ఎగబీల్చింది. "వచ్చీ రాగానే తగిలింది."

జనం అరుస్తున్నారు, పోటీలు పెట్టే సెంటాయన బెల్టు నడుముకి చుట్టబోతున్నాడు, ఆమె వాణ్ణి పక్కకి తోసేసి, ఎదుటి మూలకి నడిచింది. అన్నయ్య కింద కూర్చుని నీళ్ళ బకెట్టు సర్దుతున్నాడు. ఆమె నీడ మీద పడితే తల ఎత్తాడు.

"చెప్పావట కదా దానికి."

"చెప్పకుండా ఎలా ఉంటానే?" అన్నాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు. "నా బాక్సరు."

వాడు ఆపలేదు, దాచలేదు, జాలిపడలేదు. విరిగిన చోట కొట్టమని పంపించాడు. ఎదుటి మూలలో ఉన్న ఎవరినైనా ఎలా చూడాలో అలా చూశాడు తనని. ఇన్నాళ్ళూ తను అడిగింది ఇదే కదా, దీనికోసమే కదా తువ్వాలుతో వాడి మొహం వాచగొట్టింది. మరి ఇప్పుడు ఈ కోపాన్ని తీసుకెళ్ళి ఎక్కడ పెట్టాలి? ఎక్కడా పట్టడం లేదు. పోవడమూ లేదు.

"విరిగిందని తెలిసి కూడా ఎందుకు కొట్టావే దాంతో?" అన్నాడు అన్నయ్య, వేలాడుతున్న గ్లవ్ వంక చూస్తూ.

"నీ మీద కోపమొచ్చి."

అన్నయ్య ఆ మాటని కాసేపు, ట్యూబు మీద చిల్లు చూసినట్టు, శ్రద్ధగా చూశాడు. దగ్గలేదు.

"కోపంతో కొడితే నీకు మోచెయ్యి బయటికి పోతుంది" అన్నాడు. "ఇవాళ కూడా పోయింది. లోపలే ఉంచి ఉంటే ఆ పిల్ల లేచేది కాదు."

"నోరు మూసుకో అన్నయ్యా" అని అరిచింది ఆమె, హాలంతా వినబడేలా.